పికప్ మార్చే ముందు

(ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ల కోసం హైదరాబాద్‌లో జరిగిన ఒక సమావేశంలో, గిటార్లు బాగుచేసే మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఈ బల్ల మీద రెండు గిటార్లు ఉన్నాయి. ఒకటి స్ట్రాటోకాస్టర్, అంటే స్ట్రాట్ తరహాది, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు. పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి, వాటి ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. రెండోది లెస్‌పాల్ తరహాది, రెండు హంబకర్లు, అంటే జంట కాయిల్స్ ఉన్న పికప్‌లు. ఏ పికప్ కొనాలి, కొన్నది ఎలా బిగించాలి అన్నది ఇవాళ్టి విషయం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నిర్ణయం ముందే తీసుకుని వస్తారు. "అన్నా, పికప్ ఆర్డర్ పెట్టేశా, వచ్చాక వేసిపెట్టు" అంటారు. ఎందుకు మారుస్తున్నావ్ తమ్ముడూ అని అడిగితే "సౌండ్ బాలేదు" అంటారు. బాలేదంటే ఏంటి? మొద్దుగా ఉందా? చెవిలో గుచ్చుతోందా? చిన్నగా వస్తోందా? వాయించకపోయినా హమ్, అంటే గుయ్‌మనే శబ్దం వస్తోందా? ఇవి నాలుగూ వేరు వేరు జబ్బులు. కొత్త పికప్ లేకుండానే చాలావరకు నయమవుతాయి. నేను అమ్మేది పికప్‌లు కాదు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. (నవ్వులు)

పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ. అంతే. ఆ తీగ మామూలుగా 42 గేజ్, అంటే 0.063 మిల్లీమీటర్ల మందం, ఇంచుమించు మన వెంట్రుకంత. స్ట్రాట్ పికప్‌లో దాన్ని సుమారు 8,000 చుట్లు చుడతారు. పైన స్ట్రింగ్ ఉక్కుది కాబట్టి, కింద ఉన్న అయస్కాంతం దాన్ని కూడా కాస్త అయస్కాంతంగా మార్చేస్తుంది. మీటగానే అది ఊగుతుంది, కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే చూపించింది ఇదే. గిటార్‌కి దీన్ని పనికొచ్చేలా చేసినవాడు జార్జ్ బోషాంప్. 1930ల మొదట్లో రికెన్‌బ్యాకర్‌తో కలిసి, గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలతో ల్యాప్ స్టీల్ గిటార్, అంటే ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటార్ చేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా సూత్రం మారలేదు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. ఈ పికప్‌కి ఇనుము జాతి లోహం కావాలి. నైలాన్ స్ట్రింగ్స్ వేస్తే ఏమీ వినపడదు. అకూస్టిక్ గిటార్ స్ట్రింగ్స్ వేస్తే పైన చుట్టిన కంచు పనికిరాదు, లోపలి ఉక్కు ఒక్కటే పలుకుతుంది. దాంతో సన్న స్ట్రింగ్స్ గట్టిగా, లావు స్ట్రింగ్స్ నీరసంగా వస్తాయి. "పికప్ పాడైంది" అని తెచ్చిన గిటార్లలో ఈ కేసు కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. కిలో ఓమ్‌లు.

పికప్ కొనేటప్పుడు అందరూ చూసే అంకె డీసీ రెసిస్టెన్స్, అంటే ఆ తీగ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందన్నది. ఇది 6 కె, అది 8 కె, ఇంకోటి 16 కె. ఎక్కువ కె ఉంటే ఎక్కువ పవర్ అనుకుంటారు. మల్టీమీటర్ పెట్టగానే వచ్చే అంకె కాబట్టి దానికి అంత గౌరవం వచ్చింది. నిజానికి అది ఆ రాగి తీగ ఎంత పొడవు, ఎంత సన్నం అన్నది మాత్రమే చెబుతుంది. ఎంత బలమైన అయస్కాంతం ఉందో చెప్పదు, కాయిల్ మధ్యలో ఉక్కు ఎంత ఉందో చెప్పదు. టెలికాస్టర్ గిటార్‌లో నెక్ పికప్, అంటే మెడ వైపు ఉండేది చూడండి. కాయిల్ చిన్నది కాబట్టి 43 గేజ్ తీగ వాడతారు. తీగ సన్నబడగానే మీటర్‌లో అంకె పెరుగుతుంది. మరి స్ట్రాట్ పికప్ కన్నా అది గట్టిగా మోగుతుందా? మోగదు. సేమూర్ డంకన్ కంపెనీ వాళ్ల జేబీ అనే హంబకర్ 16 కె దాటి చూపిస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది ఇంకా సన్నమైన 44 గేజ్. 1972లో వచ్చిన డిమార్జియో కంపెనీ హంబకర్ సూపర్ డిస్టార్షన్ 13 కె చిల్లర. అది జేబీ కన్నా నీరసం అని ఎవరూ అనరు, లోపల బలమైన సిరామిక్ అయస్కాంతం ఉంది.

ఇంకో మాట. రాగి రెసిస్టెన్స్ వేడితో పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం. జనవరిలో 20 డిగ్రీల గదిలో 8 కె చూపించిన పికప్, మన మే నెలలో 40 డిగ్రీల్లో 8.6 కె చూపిస్తుంది. ఎండాకాలంలో పికప్‌కి పవర్ పెరిగిందా మరి? (నవ్వులు) మీటర్ అంకె ఎందుకంటే, తీగ తెగిందా లేదా చూసుకోవడానికి, ఒకే కంపెనీ ఒకే మోడల్‌లో రెండిటిని పోల్చుకోవడానికి. అంతకు మించి దాన్ని నమ్మకండి.

నమ్మాల్సిన అంకె ఇండక్టెన్స్, అంటే మారే కరెంటుకి కాయిల్ ఎంత అడ్డుపడుతుందన్నది. హెన్రీల్లో చెబుతారు. పాత తరహా స్ట్రాట్ పికప్ 2.2 నుంచి 2.5 హెన్రీలు. పాత తరహా హంబకర్ 4 నుంచి 5. మెటల్ సంగీతం వాయించడానికి చుట్టిన హాట్, అంటే సౌండ్ బలంగా వచ్చే హంబకర్లు 7, 8 దాకా పోతాయి. కొన్ని కంపెనీలు వెబ్‌సైట్‌లో ఈ అంకె ఇస్తాయి. ఇచ్చినచోట ముందు దాన్నే చూడండి.

ఎందుకంటే పికప్ ఒంటరిగా మోగదు. దాని ఇండక్టెన్స్, మీ కేబుల్‌లో ఉన్న కెపాసిటెన్స్ (కొంత విద్యుత్ చార్జ్‌ని నిలుపుకునే గుణం) కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఉబ్బెత్తు తెస్తాయి. దాన్ని రెజొనెన్స్ పీక్ అంటాం. ఆ పీక్ దాటాక పైన ఉన్న ట్రెబుల్ అంతా కోసేసినట్టు పడిపోతుంది. బ్రైట్ పికప్, వామ్ పికప్ అని మనం అనుకునే తేడాలో ఎక్కువ భాగం ఆ పీక్ ఎక్కడ ఉంది, ఎంత ఎత్తుగా ఉంది అన్నదే.

లెక్క వేద్దాం, భయపడకండి. మామూలు కేబుల్ మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు. ఆరు మీటర్ల కేబుల్ అంటే 600. స్ట్రాట్ పికప్ 2.3 హెన్రీలు అనుకుంటే పీక్ 4.3 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే కేబుల్‌తో 4.5 హెన్రీల హంబకర్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర. 8 హెన్రీలది 2.3 దగ్గర. సింగిల్ కాయిల్ గలగలా, హంబకర్ గుబురుగా అనిపించడానికి పెద్ద కారణం ఇది. ఇప్పుడు కేబుల్‌ని మూడు మీటర్లు చేయండి. అదే స్ట్రాట్ పికప్ పీక్ 4.3 నుంచి 6 దాకా ఎక్కుతుంది. పికప్ సొంత కెపాసిటెన్స్ కొంత ఉంటుంది కాబట్టి అసలు అంకెలు ఇంకాస్త తక్కువ వస్తాయి, కానీ తేడా ఏ దిక్కులో ఉందో చూడండి. ఒక బ్రాండ్ పికప్ తీసి ఇంకో బ్రాండ్ అదే తరహా పికప్ వేస్తే చాలాసార్లు ఇంత తేడా రాదు. వైర్‌లెస్ పెట్టుకోగానే గిటార్ గుచ్చినట్టు అనిపించడం కూడా ఇందుకే, మధ్యలో ఆ కేబుల్ లేదు.

తర్వాత పాట్‌లు. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి. సింగిల్ కాయిల్స్‌కి 250 కె, హంబకర్లకి 500 కె అనేది వాడుక. పాట్ విలువ తగ్గితే పీక్ ఎత్తు తగ్గుతుంది, నునుపు అవుతుంది. పెరిగితే పీక్ నిక్కబొడుచుకుంటుంది. హంబకర్ గిటార్‌లో ఎవరో రిపేర్‌కి 250 కె పాట్ వేసేసి ఉంటారు, దాంతో సౌండ్ దుప్పటి కప్పినట్టు ఉంటుంది, ఓనరేమో పికప్‌ని తిడుతూ ఉంటాడు. పాట్ వీపు మీద అంకె రాసి ఉంటుంది, తిప్పి చదవండి. పాట్‌లలో 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే కాబట్టి, 500 అని రాసినది మీటర్‌లో 410 చూపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇంట్లో కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసుకునేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీ ఆడియో ఇంటర్‌ఫేస్ మీద "ఇన్‌స్ట్" అనో "హై జీ" అనో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కారా? నొక్కకపోతే గిటార్ లైన్ ఇన్‌పుట్‌లోకి పోతోంది. గిటార్ ఇన్‌పుట్ మెగా ఓమ్ దగ్గర ఉండాలి, లైన్ ఇన్‌పుట్ పది, ఇరవై కిలో ఓమ్‌లే ఉంటుంది. పికప్‌ని అది నొక్కేస్తుంది, ఉన్న ట్రెబుల్ అక్కడే పోతుంది. ఆ ఒక్క బటన్‌తో కొత్త పికప్ కొన్నంత తేడా వినిపిస్తుంది, డబ్బు ఖర్చు లేదు.

ఇక అందరూ వదిలేసే పని, పికప్ ఎత్తు. రెండు స్క్రూలు, ఒక స్క్రూడ్రైవర్. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టుకుని, స్ట్రింగ్ అడుగుకీ పికప్ పైభాగానికీ మధ్య ఖాళీ కొలవాలి. పాత తరహా స్ట్రాట్ సింగిల్ కాయిల్స్‌కి, స్ట్రాట్ తయారుచేసే ఫెండర్ కంపెనీ చెప్పే కొలత, బేస్ వైపు 2.4 మిల్లీమీటర్లు, ట్రెబుల్ వైపు 2. దాన్ని మొదలుగా పెట్టుకుని అర మిల్లీమీటర్ చొప్పున జరిపి వినండి. దగ్గరికి తెస్తే సౌండ్ పెరుగుతుంది, మీటగానే వచ్చే మొదటి దెబ్బ గట్టిపడుతుంది. మరీ దగ్గరైతే ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాలు స్ట్రింగ్‌ని లాగి పట్టుకుంటాయి. లావు స్ట్రింగ్ మీద పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండుగా చీలినట్టు, ట్యూన్ అవనట్టు అల్లాడుతుంది. ట్యూనర్ మార్చి, బ్రిడ్జ్ మార్చి, చివరికి గిటార్ అమ్మేసుకునే స్థితికి వచ్చినవాళ్లకి స్క్రూడ్రైవర్‌తో బాగుచేసి పంపిన సందర్భాలు నా బల్ల మీద మామూలే.

ఇప్పుడు హమ్.

సింగిల్ కాయిల్‌కి హమ్ పుట్టుకతో వచ్చింది. అది కాయిల్ కదా, స్ట్రింగ్‌ని విన్నట్టే ఇంట్లో కరెంటుని కూడా వింటుంది. మన దగ్గర మెయిన్స్ 50 హెర్ట్జ్, అమెరికాలో 60. దీనికి సరైన విరుగుడు కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు, లెస్‌పాల్ గిటార్ తయారుచేసే గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండోదానికి ఎదురు దిక్కుగా కలిపి, అయస్కాంత ధ్రువాలు కూడా తిప్పేశాడు. బయటి నుంచి వచ్చే హమ్ రెండిట్లో ఎదురెదురుగా పడి రద్దవుతుంది. స్ట్రింగ్ సౌండ్ రెండుసార్లు తిరగబడింది కాబట్టి కలిసిపోతుంది. 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు, 1957లో గిటార్లలోకి వచ్చింది, 1959లో పేటెంట్ వచ్చింది. ఆ మధ్య కాలపు పికప్‌ల వెనక "పేటెంట్ అప్లైడ్ ఫర్" అనే స్టిక్కర్ ఉంటుంది, వాటినే పీఏఎఫ్ అంటారు. తర్వాత పేటెంట్ నంబర్ స్టిక్కర్ వేశారు, తమాషా ఏమిటంటే ఆ నంబర్ ఈ పికప్‌ది కాదు, లెస్ పాల్ అనే గిటారిస్ట్ పేరు మీద ఉన్న బ్రిడ్జ్, టెయిల్‌పీస్ పేటెంట్‌ది. పోటీదారులని తప్పుదోవ పట్టించడానికే అలా వేశారని కొందరంటారు.

ఆ పీఏఎఫ్‌ల కోసం ఇవాళ జనం పిచ్చి ధరలు పెడుతున్నారు. నా అభిప్రాయం చెప్తాను. అప్పటి మెషీన్లలో ఇన్ని చుట్లు పడగానే దానంతటదే ఆగే ఏర్పాటు మొదట్లో లేదు, పనివాళ్లు చూసి ఆపేవాళ్లు. అయస్కాంతాలు కూడా ఏ గ్రేడ్ ఆల్నికో దొరికితే అది. కాబట్టి ఏ రెండు పీఏఎఫ్‌లూ ఒకటి కావు. "అసలైన పీఏఎఫ్ సౌండ్" అని ఒక్క పికప్‌ని అమ్మేవాళ్లు ఏ పీఏఎఫ్ గురించి చెబుతున్నారో అడగండి.

హమ్ అంతా పికప్ తప్పే అనుకోకండి. ముందు గదిని చూడండి. ఫ్యాన్‌కి నాబ్ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే, దాన్ని మధ్యలో పెట్టి గిటార్ వినండి, తర్వాత ఫ్యాన్ ఆపేసి వినండి. గుర్ర్ మనే శబ్దం పోతే దోషి దొరికినట్టే. పాత చోక్ ట్యూబ్‌లైట్లు, చవక ఫోన్ ఛార్జర్లు, లైట్ డిమ్మర్లు ఇదే జాతి. గిటార్ లోపల రాగి టేప్ అంటించి షీల్డింగ్ చేస్తే ఇలాంటి బుర్ర్ శబ్దం తగ్గుతుంది. కానీ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చుంటే వచ్చే లోతైన హమ్ అయస్కాంత క్షేత్రం వల్ల, దాన్ని రాగి టేప్ ఆపలేదు. దూరంగా జరగాలి, గిటార్‌ని అటూ ఇటూ తిప్పి తక్కువ వచ్చే కోణంలో కూర్చోవాలి. లేదా హంబకరే.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే హమ్ తగ్గుతుంటే కంగారు పడకండి, అది మామూలే, బ్రిడ్జ్ నుంచి గ్రౌండ్ వైర్ పనిచేస్తోందని అర్థం. ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొడితే మాత్రం అక్కడితో ఆపేయండి. చాలా ఇళ్లలో, కొన్ని స్టేజీల మీద ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి ఆంప్ నడపొద్దు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్ట్ ఎర్తింగ్ సరిగా లేని మైక్ పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. పికప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా మార్చాలనిపిస్తే, అప్పుడు మారుద్దాం. మార్చాల్సినవి నిజంగా ఉంటాయి. తక్కువ ధర గిటార్లలో చాలావాటికి సింగిల్ కాయిల్ అంటే ఉక్కు స్తంభాలు, అడుగున సిరామిక్ అయస్కాంతం బద్ద. పాత తరహా పికప్‌లో ఆ స్తంభాలే ఆల్నికో అయస్కాంతాలు. ఈ రెండూ నిజంగానే వేరుగా మోగుతాయి. సిరామిక్ చెడ్డదని కాదు, చాలా మంచి హాట్ పికప్‌లలో ఉన్నది అదే. కానీ క్లీన్ సౌండ్‌లో స్ట్రాట్ గలగల కోసం చూసేవాడికి ఆ ఉక్కు స్తంభాల పికప్ దొరకనివ్వదు. ఇక్కడ మార్పు డబ్బుకి తగ్గట్టు వినిపిస్తుంది.

ఒకటే మార్చే స్తోమత ఉంటే బ్రిడ్జ్ పికప్, అంటే బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జ్ పక్కన ఉండేది మార్చండి. డిస్టార్షన్‌లో ఎక్కువ వాడేది అదే, బాగుండకపోతే ఎక్కువ విసిగించేది కూడా అదే. బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ తక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్‌ని ఎక్కువ చుట్లతో చేస్తారు, ఆర్డర్ పెట్టేటప్పుడు నెక్ మోడల్ బ్రిడ్జ్‌కి కొనేయకండి. బ్రిడ్జ్‌లో మాత్రం హాట్ పికప్ వేసి, నెక్‌లో నీరసమైన పాతది ఉంచితే స్విచ్ మార్చినప్పుడల్లా వాల్యూమ్ ఎగిరిపడుతుంది. కొంత ఎత్తుతో సరిచేయొచ్చు, అంతా కుదరదు.

హాట్ పికప్ మీద నాకు పెద్ద మోజు లేదు. ఒకప్పుడు ఆంప్‌కి గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి తక్కువ ఉండేది, దాన్ని తన్ని డిస్టార్షన్ తెప్పించడానికి బలమైన పికప్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు మీ పెడల్‌లోనో, మీ మొబైల్ యాప్‌లోనో గెయిన్ ఎంత కావాలంటే అంత ఉంది. మధ్యస్థంగా, 4, 5 హెన్రీల హంబకర్ ఒకటి ఉంటే క్లీన్ బాగుంటుంది, గెయిన్ పెంచితే స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. సినిమా పాటలు, పెళ్లి ఆర్కెస్ట్రా, చర్చి, అన్నీ ఒకే గిటార్‌తో వాయించేవాళ్లకి నా సలహా ఎప్పుడూ ఇదే, బ్రిడ్జ్‌లో మధ్యస్థ హంబకర్, మిగతా రెండు సింగిల్స్. హంబకర్‌కి నాలుగు వైర్లు ఉన్నది తీసుకోండి, ఒక కాయిల్‌ని ఆపేసే స్విచ్ పెట్టుకోవచ్చు. అలా స్ప్లిట్ చేసినది అసలు స్ట్రాట్ పికప్‌లా మోగుతుందని ఆశపడకండి. పనికొస్తుంది, అంతే.

పట్టే కొలతలు చూసుకోవాలి. గిబ్సన్ తరహా హంబకర్‌లో చివరి రెండు పోల్స్, అంటే స్ట్రింగ్ కింద ఉండే స్తంభాల మధ్య దూరం 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఫెండర్ తరహా బ్రిడ్జ్‌కి 53 దగ్గరిది కావాలి. పోల్ స్ట్రింగ్ కింద సరిగ్గా లేకపోతే చెవికి పెద్దగా తెలియదు, కంటికి మాత్రం రోజూ తెలుస్తుంది. కొత్త పాట్‌లు అమెరికా రకం కొంటే మన ఆసియా గిటార్ల రంధ్రంలో దూరకపోవచ్చు. వాటికి తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, మనకి ఎనిమిదే ఉంటుంది. డ్రిల్ ఎక్కుపెట్టి ప్లాస్టిక్ పగలగొట్టకండి, రీమర్‌తో చేత్తో మెల్లగా వెడల్పు చేయండి.

సోల్డరింగ్ గురించి. మన కోఠి గుజరాతీ గల్లీలో మామూలుగా చేతికిచ్చే 25 వాట్ల ఐరన్ స్విచ్ కాళ్లకి చాలు. పాట్ వీపు మీద గ్రౌండ్ వైర్ అతికించడానికి చాలదు. ఆ రేకు వేడిని లాగేసుకుంటుంది, మీరు నిమిషం పాటు పట్టుకుంటారు, లోపల పాట్ కాలిపోతుంది, సోల్డర్ మాత్రం ఉండలా పైన కూర్చుంటుంది. 40 నుంచి 60 వాట్లది, ఉలిలా చదునైన బిట్‌తో తీసుకోండి. రేకుని గరుకు కాగితంతో గీకి, మూడు నాలుగు సెకన్లలో పని ముగించండి. లోపల రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ తీగ. డబ్బాలో వచ్చే పేస్ట్ కూడా రోజిన్‌దే వాడండి, యాసిడ్‌ది పొరపాటున కూడా తేకండి, పచ్చగా తుప్పు పట్టిస్తుంది.

స్ట్రింగ్స్ వదులు చేసి, పిక్‌గార్డ్ తెరవగానే ఏ వైరూ ముట్టుకోకుండా ఫోన్‌లో ఫొటోలు తీయండి, నాలుగు వైపుల నుంచి. పాత పికప్ తీసే ముందు దాని రెసిస్టెన్స్ కొలిచి కాగితం మీద రాసుకోండి. కొత్తదాని వైర్ పొడవు ఎక్కువగా ఉందని కత్తిరించేయకండి, మడిచి టేప్ వేయండి, రేపు ఇంకో గిటార్‌కి వేసుకోవాలన్నా అమ్మాలన్నా ఆ పొడవే దాని విలువ. రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది. సేమూర్ డంకన్‌లో నలుపు హాట్ (సౌండ్ సిగ్నల్ మోసే వైర్), ఎరుపు తెలుపు రెండూ కలిపి టేప్ వేయాలి, ఆకుపచ్చ, బోడి వైర్ గ్రౌండ్‌కి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. ఒకరి లెక్క ఇంకొకరికి వేస్తే మోగకపోవచ్చు, మోగినా సన్నగా ముక్కుతో పాడినట్టు వస్తుంది.

ఆ ముక్కు సౌండ్‌కి కారణం ఫేజ్. రెండు పికప్‌లు కలిపి వాడినప్పుడు ఒకటి లోపలికి లాగుతుంటే ఇంకోటి బయటికి తోస్తుంది, లావు భాగమంతా కొట్టుకుపోతుంది. అతికించే ముందే చూసుకోవచ్చు. మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్ట్‌లో పెట్టి హాట్, గ్రౌండ్ వైర్లకి తగిలించండి. ఉక్కు స్క్రూడ్రైవర్‌ని పోల్స్ మీద టక్కున ఆనించండి. అంకె ప్లస్‌కి ఎగిరిందా మైనస్‌కా? గిటార్‌లో ఉన్న రెండో పికప్‌కి అదే చేయండి. రెండూ ఒకేవైపు ఎగరాలి. ఎగరకపోతే హాట్, గ్రౌండ్ తిప్పి వేయాలి, రేకు కవర్ ఉన్న పికప్ అయితే కవర్ గ్రౌండ్‌ని విడదీసి. ఇది తప్పే అనలేం కూడా. ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ లెస్‌పాల్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది, రెండు పికప్‌లు కలిపితే వచ్చే ఆ బోలు సౌండ్ ఆయన గుర్తుగా మిగిలింది. తర్వాత గిటారిస్ట్ గారీ మూర్, ఆయన తర్వాత మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ కర్క్ హామెట్ ఆ గిటార్‌ని కొనుక్కున్నారు, సరిచేయించుకోలేదు.

స్ట్రాట్‌లో మధ్య పికప్ ఒక్కటే మార్చేవాళ్లు ఇంకోటి చూడాలి. దానికి చుట్టు దిక్కు, అయస్కాంత ధ్రువం రెండూ తిప్పినది కావాలి. అప్పుడే అయిదు పొజిషన్ల స్విచ్‌లో రెండో, నాలుగో పొజిషన్లలో, అంటే మధ్య పికప్ ఇంకోదానితో కలిసి మోగేచోట హమ్ రద్దవుతుంది. 1977 దాకా ఫెండర్ మూడు పొజిషన్ల స్విచ్ మాత్రమే ఇచ్చేది, వాయించేవాళ్లు స్విచ్‌ని మధ్యలో ఇరికించి ఆ సౌండ్ రాబట్టేవాళ్లు.

అతికించడం అయ్యాక స్ట్రింగ్స్ ఎక్కించకముందే ఆంప్‌కి కలిపి, పోల్స్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి. స్విచ్ ఒక్కో పొజిషన్‌లో ఏ పికప్ టక్ మంటోందో వినండి. ఇది సరిగ్గా ఉంటేనే మూత వేయండి.

ఇంతవరకూ నా మాట. ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: పికప్‌ని మైనంలో ముంచాలంటారు, ఇంట్లో చేయొచ్చా అన్నా?)

గట్టిగా వాయిస్తే కీచుమనే పికప్‌కి అది మందు. లోపల తీగ చుట్లు వదులుగా ఉండి కదులుతుంటాయి, మైనం వాటిని బిగిస్తుంది. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన స్ట్రాట్ తరహా గిటార్‌లో గిబ్సన్ హంబకర్ పెట్టి పారఫిన్ మైనంలో ముంచింది అందుకే. కానీ నేరుగా స్టవ్ మీద మైనం కరిగించొద్దు, అంటుకుంటుంది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, థర్మామీటర్‌తో 65 డిగ్రీల దగ్గర ఆపాలి. దాటితే తీగ చుట్టి ఉన్న ప్లాస్టిక్ బాబిన్ వంగిపోతుంది. ఈ రోజుల్లో కొన్న కొత్త పికప్‌లు చాలావరకు ఫ్యాక్టరీలోనే ముంచి వస్తాయి, మళ్లీ ముంచకండి.

(ప్రశ్న: సార్, నేను కర్ణాటక సంగీతం గిటార్ మీద నేర్చుకుంటున్నాను. గమకం చివరికి వచ్చేసరికి నాదం ఆగిపోతోంది. ఎలాంటి పికప్ వేయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద, అదీ జంట స్ట్రింగ్స్ తీసేసి అయిదు ఒంటి స్ట్రింగ్స్‌తో వాయించారు. మామూలు మాండలిన్‌లో మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది, ఆ నాదం మీద గమకం పలికించడం కష్టం. మీకు కావాల్సింది కూడా అదే, నిలిచే నాదం. పికప్ కొనకముందు నెక్ పికప్‌ని ఒక మిల్లీమీటర్ కిందికి దించండి. అయస్కాంతం లాగుడు తగ్గితే స్ట్రింగ్ ఎక్కువసేపు ఊగుతుంది. వాల్యూమ్ తగ్గినంత ఆంప్‌లో పెంచుకోండి, వీలైతే సౌండ్ హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ పెడల్ కొద్దిగా. అప్పటికీ మార్చాలంటే ఆల్నికో 2 అయస్కాంతాల పికప్ అడగండి. ఆల్నికో 5 కన్నా లాగుడు తక్కువ, పై స్థాయిలో మెత్తగా ఉంటుంది. స్ట్రింగ్స్ నికెల్ చుట్టినవే వాడండి. ఫ్రెట్లు ఒకసారి చూపించండి, అరిగిన ఫ్రెట్ మీద జారు సగంలోనే తెగుతుంది, అక్కడ ఏ పికప్ ఏమీ చేయలేదు.

(ప్రశ్న: ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే చైనా పికప్‌లు?)

కొన్ని బాగుంటాయి. పేరు చూసి కాదు, కొలిచి చెప్పాలి. ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి. "ఆల్నికో 5" అని రాసినదాని అడుగు చూడండి, సింగిల్ కాయిల్‌కి కింద నల్లటి బద్ద అతికించి ఉంటే అది సిరామిక్. మోసం అక్కడే తెలిసిపోతుంది.

(ప్రశ్న: యాక్టివ్ పికప్‌లు వేసుకుంటే గిగ్ మధ్యలో బ్యాటరీ అయిపోతే?)

యాక్టివ్ అంటే లోపలే చిన్న ఆంప్ ఉన్న పికప్, ఈఎంజీ కంపెనీవి లాంటివి 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి. అయిపోయే ముందు చెబుతాయి, సౌండ్ చిట్లుతుంది, తర్వాత సన్నగిల్లుతుంది. కేబుల్ గుచ్చి ఉంచితే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, జాక్‌లోనే స్విచ్ ఉంది. కాబట్టి ఇంటికి రాగానే కేబుల్ పీకేయండి. వేయాలనుకుంటే వాటికి 25 కె పాట్‌లు కావాలి, పాత 250, 500 పాట్‌లు ఉంచితే నాబ్ సరిగ్గా పనిచేయదు. ఒకటి యాక్టివ్, ఒకటి మామూలుది కలిపి వేయడం నేనైతే చేయను. లోపల బ్యాటరీకి చోటుందో లేదో కొనకముందే గిటార్ వెనక మూత తీసి చూసుకోండి, చెక్క తొలవాల్సి వస్తే ఆ ఖర్చు పికప్ ధరకి కలిపి లెక్క వేసుకోండి.